చేరినంక విప్పాలె

1944 మార్చి 4, శనివారం. చౌటుప్పల్

చీర వెనక మళ్ళీ నల్లబడింది.

నేనుండే ఇంటి బిక్షమ్మత్త చూసి, "కాలేజీల సదివినవు, కూసునే జాగ జర సూసుకోరాదా బిడ్డా?" అంది. కూర్చునే జాగా ఉంటే చూసుకోనా? ఫక్రుద్దీన్ సాబ్ మోటారు సర్వీసు ఆఫీసులో ఉన్నవి ఒక బల్ల, ఒక మేకు, ఒక బొగ్గుల బస్తా. బల్ల కాగితాలకు. మేకు సాబ్ టోపీకి. బస్తా నాకు.

యుద్ధం మొదలైనప్పటి నుంచి పెట్రోలు దొరకక మా బస్సు బొగ్గు తింటోంది. వెనక పీపాలో బొగ్గు రాజేసి, క్లీనరు సైదులు పొద్దున్నే పంఖా తిప్పి తిప్పి మంట లేపితే, ఆ గ్యాసుతో ఇంజను దగ్గుతూ లేస్తుంది. చౌటుప్పల్ నుంచి వలిగొండ, మోత్కూరు మీదుగా తిరుమలగిరి దాకా పోతుంది, పోవాలనిపించిన రోజున. టైర్లిచ్చే దొర సికింద్రాబాద్‌లో ఉంటాడు, ఆయనకు ఇంగ్లీషులో అర్జీ రాయాలి. అందుకే ఇంటర్మీడియట్ ప్యాసైన ఎస్తేరు అనే నేను మున్షీగా ఈ బస్తా మీద ఉన్నాను.

ఇవాళ తిరుమలగిరి నుంచి పర్వతాలు సావుకారు మనిషి వచ్చాడు. సావుకారు కొత్త బస్సు తెచ్చాడట, వచ్చే వారం నుంచి ఇదే దారిలో నడుపుతాడట. మా డ్రైవరు ఐలేశాన్ని రమ్మన్నాడు, ఇత్తడి గుండీల ఖాకీ కోటు ఇస్తానన్నాడు. సైదులును రమ్మని సబ్బు ఇస్తానన్నాడు. నన్ను రమ్మని కుర్చీ ఇస్తానన్నాడు. చేతులున్న కుర్చీ. పేముతో అల్లింది.

సైదులు వెంటనే కాదన్నాడు. "సబ్బు అరుగుతది. అరిగినంక ఏం జెయ్యాలె?"

కుర్చీ అరగదు.

విశ్వాసం గురించి నా అభిప్రాయం తర్వాత మారిపోకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. పని చేసినందుకు జీతం, జీతం ఇచ్చినందుకు పని. లెక్క సరి. ఆ పైన ఏదైనా ఉందని ఎవరైనా అంటే వాళ్ళు జీతం ఇచ్చే వాళ్ళయి ఉంటారు.

సోమవారం సాబ్‌కు చెప్పేస్తాను.

మార్చి 5, ఆదివారం

చర్చికి వెళ్ళాను. ప్రార్థన మధ్యలో కుర్చీ గుర్తొచ్చింది.

మార్చి 6, సోమవారం

చెప్పలేదు. సాబ్‌కు జలుబు చేసింది. జలుబు చేసిన మనిషికి రాజీనామా చెప్పడం బాగుండదు.

మార్చి 7, మంగళవారం

జలుబు తగ్గింది. కానీ నాకు పట్టుకుంది.

నల్గొండ మోటార్ల కచేరీ నుంచి కాగితం వచ్చింది. బొగ్గూ టైర్లూ కరువు కాబట్టి ఈ దారిలో ఒక్క బస్సుకే పర్మిటు. ఇన్‌స్పెక్టరు వచ్చి రెండు బస్సులూ ఎక్కి చూసి ఎవరికో నిర్ణయిస్తాడు. సాబ్‌కు చదివి వినిపించాను.

"అచ్ఛా! ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తుండా? బిర్యానీ చేపియ్యాలె," అన్నాడు.

"సాబ్, పర్మిటు పోతే మన సర్వీసే పోతది."

"అవును బేటీ. అందుకే మంచి బిర్యానీ."

ఈయన పెట్టుకున్న ఆశ ఇది. సావుకారుది కొత్త బస్సు, పెట్రోలు కూపన్లు ఎక్కడి నుంచో సంపాదించాడు. మాది పైకప్పుకు చిల్లు పడితే గొంగడి కప్పిన బస్సు. ఓడిపోయే వాళ్ళతో ఉంటే నేను ఎటు పోవాలి? మళ్ళీ నల్గొండకు, మిషన్ దవాఖానలో కంపౌండరైన మా బాపు దగ్గరికి. ఆయన నన్ను దొరసాని కుట్టు క్లాసులో కూర్చోబెట్టడానికి ఎప్పటి నుంచో కాచుకుని ఉన్నాడు. జీవితమంతా దిండు గలీబుల మీద గులాబీలు. కాబట్టి ఇది విశ్వాసానికి సంబంధించిన విషయమే కాదు. గులాబీలకు సంబంధించిన విషయం.

రేపు చెప్పేస్తాను.

మార్చి 8, బుధవారం

నాకంటే ముందు ఐలేశం చెప్పేశాడు. చెప్పాడు అనడానికి వీల్లేదు.

పొద్దున బస్సు నిండా జనం. సైదులు పంఖా తిప్పుతున్నాడు. ఐలేశం తలకు నూనె పెట్టి, కడిగిన చొక్కా వేసుకుని వచ్చి సాబ్ ముందు నిలబడి తన చెప్పుల వైపు చూస్తూ, "సాబ్, మా మరదలు లగ్గం ఉన్నది. తిర్మలగిరి దిక్కు. కొన్ని దినాలు రాను," అన్నాడు.

ఐలేశానికి మరదలు లేదు. అతని భార్య తల్లిదండ్రులకు ఒక్కతే కూతురు. ఈ సంగతి చౌటుప్పల్‌లో మేకలకు కూడా తెలుసు.

"లగ్గమా! మాషా అల్లా! అరే, గంత మంచి పనికి ఉత్త చేతులతోని పోతవా?" అని సాబ్ ఇంటి వైపు తిరిగి కేకేశాడు. "బేగం! జర ఇమాం జామీన్ పంపియ్యి!"

ఇమాం జామీన్‌ను మా మిషన్ బడి దొరసాని మూఢనమ్మకం అనేది. దొరసాని ప్రయాణం పోయేటప్పుడు మాత్రం మా బడి వంటామె ఇక్బాల్ బీ కట్టింది. దొరసాని కట్టించుకుంది కూడా. పచ్చగుడ్డలో ఒక నాణెం పెట్టి కుట్టి, ప్రయాణం పోయేవాళ్ళ దండచేతికి కడతారు. ఇక ఆ మనిషి క్షేమానికి ఇమాం సాబ్ పూచీ. క్షేమంగా చేరినంక విప్పి, ఆ నాణెం బీదవాళ్ళకు ఇవ్వాలి.

పరదా సందులోంచి అజీజా బేగం చెయ్యి బయటికొచ్చింది, పచ్చ పట్టీతో. బస్సులోని జనమంతా కిటికీల్లోంచి తొంగి చూస్తుండగా సాబ్ తన చేతులతో ఐలేశం దండకు కట్టి ముడి వేశాడు.

"ఇగ నీకేం ఫికర్ లేదు. చేరినంక విప్పాలె. నడుమ విప్పొద్దు. సమజైందా?"

"అయింది సాబ్," అన్నాడు ఐలేశం. కోడిని దొంగిలించడానికి పోయినవాడికి ఇంటివాళ్ళే గంప చేతికిచ్చినట్టు ఉంది అతని మొహం.

కిటికీలో ఒక ముసలామె కళ్ళు తుడుచుకుని, "ఎంత మంచి మాలిక్ దొరికిండు నాయినా నీకు," అంది. ఐలేశం పరుగు లాంటి నడకతో వెళ్ళిపోయాడు.

ఈ హడావుడిలో నా మాట చెప్పలేదు.

మార్చి 9, గురువారం

నాకు అర్థమైంది. ఫక్రుద్దీన్ సాబ్ మహా జిత్తులమారి. తిట్టలేదు, జీతం పెంచుతాననలేదు. పచ్చ గుడ్డ ఒకటి కట్టి వదిలేశాడు. ఇప్పుడు ఐలేశం ఎక్కడికి పోయినా ఆ చెయ్యి సాబ్‌దే. ఇంత తెలివి ఉన్నవాడు టైర్ల అర్జీ మీద తన పేరు తలకిందులుగా ఎందుకు సంతకం చేస్తాడో తెలియదు.

నన్ను ఇలా పట్టుకోలేరు. చేతికి గుడ్డ కడితే కాగితాల సంచిలో వేసుకుని పోతాను.

మార్చి 11, శనివారం

బస్సు సాబే నడుపుతున్నాడు. దేవా!

దారిలో తెలిసినవాళ్ళు కనబడితే రెండు చేతులూ ఎత్తి సలాం చేస్తాడు. నలభై ఏళ్ళుగా ఈ దారిలో తిరిగిన మనిషి, తెలియని వాళ్ళెవరు? మేక కనబడితే ఆపుతాడు. మేక వెళ్ళిపోయినా, దాని వెనక ఇంకొకటి వస్తుందేమోనని ఆగుతాడు. వలిగొండ దగ్గర మూసీ దిగేటప్పుడు సైదులు వెనక మెట్టు మీది నుంచి, "సాబ్! చేతులు! చేతులు చక్రం మీద!" అని అరుస్తూనే ఉన్నాడు. గట్టు ఎక్కేటప్పుడు జనం దిగి తోశారు. వింత ఏమిటంటే ఎవరూ విసుక్కోలేదు. తోసినవాళ్ళందరికీ సాబ్ పుట్నాలు పంచాడు. ఒకాయన రెండోసారి కూడా తోస్తానన్నాడు.

ఐలేశం సావుకారు కొత్త బస్సు నడుపుతున్నాడని కబురు.

మార్చి 13, సోమవారం

చెప్పలేదు. కారణం ఉంది. తర్వాత రాస్తాను.

మార్చి 15, బుధవారం

ఇవాళ నేనూ బస్సులో మోత్కూరు వెళ్ళాను, బొగ్గు కొనడానికి. దారిలో సావుకారు బస్సు ఎదురొచ్చింది. ఎర్ర రంగు, పసుపు గీత. నడిపేది ఐలేశం, ఇత్తడి గుండీలు తళతళమంటున్నాయి. మమ్మల్ని చూడగానే అతని తల మాయమైంది. చక్రం కిందికి వంగిపోయాడు. బస్సు డ్రైవరు లేకుండా మా పక్కనుంచి వెళ్ళిపోయింది. లోపల జనం పెట్టిన కేకలు ఇంకా వినబడుతున్నాయి.

సాబ్ మాత్రం రెండు చేతులూ ఎత్తి సలాం చేశాడు. ఆ తర్వాత చాలాసేపు ఆలోచించి, "ఎవరో గానీ, అచ్చం మన ఐలేశం తీరుగ ఉన్నడు బేటీ," అన్నాడు.

"అవునా సాబ్?"

"ఆఁ. మంచిగనే నడుపుతుండు. జర మనిషి కనవడాలె, అంతే."

సైదులు నా వైపు చూశాడు. నేను బొగ్గు వైపు చూశాను.

ఈ మనిషికి తెలుసా, తెలియదా?

మార్చి 17, శుక్రవారం. పొడుగు రోజు, అన్నీ రాస్తాను

శుక్రవారం మా బస్సు నడవదు కాబట్టి కుర్చీ చూసి రావడానికి తిరుమలగిరి వెళ్ళాను. చూడటంలో తప్పేముంది? బజారులో గాజులు చూడమా?

సాబ్‌తో, "తిరుమలగిరిల చర్చి మీటింగు ఉంది సాబ్," అన్నాను. అబద్ధం సాఫీగానే వచ్చింది. ఐలేశంలా చెప్పుల వైపు చూడలేదు, మేకుకున్న టోపీ వైపు చూశాను.

"మీటింగా? మాషా అల్లా! బేగం!"

ఈసారి పరదా తొలగింది. అజీజా బేగం నన్ను లోపలికి పిలిచి, రవిక చెయ్యి పైకి జరిపి పచ్చ పట్టీ కట్టింది. ముడి వేస్తే ఊడుతుందని సూదీ దారం తెచ్చి కుట్టేసింది కూడా. "ఆడపిల్లవు, ఒక్కదానివి పోతున్నవు. భద్రంగ పోయి రా బేటీ," అంది. ఆమె కళ్ళల్లో ఏదో నవ్వు ఉన్నట్టుంది. ఎండ కూడా అయి ఉండవచ్చు.

సావుకారు బస్సు చౌటుప్పల్ లోపలికి రాదని అప్పుడే తెలిసింది. ఊరి బయట ఈతవనం దగ్గర ఆగుతుంది. మూటలు మోసుకుని జనం అక్కడిదాకా నడుస్తున్నారు. నేనూ నడిచాను. ఐలేశం నన్ను చూసి మొదట వంగబోయాడు. బస్సు ఆగి ఉంది కాబట్టి లాభం లేదని మళ్ళీ లేచాడు.

కోటు వేసుకున్నాడు గానీ సగమే. కుడి చెయ్యి తొడుగులో ఉంది. ఎడమ చెయ్యి బయట, చొక్కాతో. ఖాళీ తొడుగు గాలికి ఊగుతోంది. ఎడమ దండ మీద పచ్చ పట్టీ.

"ఇదేందన్నా?"

"కోటు బిగుతున్నది మున్షమ్మా. గిది ఉండంగ చెయ్యి ఎక్కుతలేదు."

"మరి విప్పరాదా?"

"ఎట్ల ఇప్పాలె? ఇంక చేరలేదు గద."

నేను ముందు సీట్లో కూర్చున్నాను. ప్రయాణమంతా బాగానే జరిగింది. మెత్తని సీటు, దగ్గని ఇంజను. తిరుమలగిరి ఇళ్ళు కనబడుతున్నాయి. ఊరి పొలిమేర రాయి దగ్గర ఐలేశం బస్సు ఆపేశాడు. జనం ఏమీ అడగకుండా మూటలు దించుకుని ఎర్రటి ఎండలో నడవడం మొదలుపెట్టారు. అలవాటైపోయిందన్నమాట.

"ఇక్కడెందుకు ఆపినవు?"

"సావుకారుకైతే కొత్త బండికి బజారు దుమ్ము పడదని చెప్పిన." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నీకు సదువు ఉన్నది, నువ్వే చెప్పు. సాబ్ ఏమన్నడు? చేరినంక ఇప్పాలె అన్నడా లేదా?"

"అన్నడు."

"తిర్మలగిరి లోపటికి పోతే నేను చేరినట్టు. అప్పుడు ఇప్పాలె. సౌటుప్పల్ లోపటికి పోతే మర్లి చేరినట్టు. అప్పుడూ ఇప్పాలె. ఇప్పితే ఇగ సాబ్‌కు నాకు ఏమున్నది? పదమూడేండ్లు ఆయన బండి నడిపిన. గీ కోటు కోసం వచ్చిన, నిజమే. గని ఇది ఇప్పుమంటే నాతోని కాదు. అందుకే ఈడ ఆపుత, ఆడ ఆపుత."

"అంటే ఎన్నడూ ఎక్కడికీ చేరవా?"

"చేరితే కష్టం మున్షమ్మా," అన్నాడు చాలా గంభీరంగా.

పొలిమేర నుంచి ఊళ్ళోకి నడుస్తూ దారి పొడవునా నవ్వుకున్నాను. ఇంత తెలివితక్కువ మనిషిని నేను చూడలేదు. ఒక గుడ్డ ముక్క! ఎటో ఒకవైపు తేల్చుకోలేక రెండు ఊళ్ళ మధ్య తిరిగేవాడిని ఏమనాలి?

ఇక కుర్చీ. కుర్చీ అద్భుతంగా ఉంది. చేతుల చివర్లు గుండ్రంగా చెక్కారు. పర్వతాలు సావుకారు స్వయంగా తువ్వాలతో తుడిచి, "కూసో అమ్మా. మా దగ్గర సదువుకున్నోళ్ళకు మర్యాద ఉంటది. బొగ్గు ముట్టుకునే పని లేదు," అన్నాడు. కూర్చున్నాను. వీపు ఆనించాను. లేవబుద్ధి కాలేదు.

"మరి వస్తున్నట్టేనా?"

ఔననడానికే నోరు తెరిచాను. "దిండు లేదు," అన్నాను.

"దిండా?"

"కుర్చీకి దిండు ఉండాలె గద."

దిండు లేని కుర్చీకి ఒప్పుకోవడం తొందరపాటు అవుతుంది. ఇందులో వేరే ఏమీ లేదు.

మార్చి 18, శనివారం

ఇంటికి వచ్చేశాను కాబట్టి పట్టీ విప్పాలి. బేగం కుట్టు గట్టిగా ఉంది. కత్తెర కనబడలేదు.

దిండు కుట్టిస్తానని సావుకారు కబురు. ఏ రంగు కావాలని అడిగాడు.

మార్చి 19, ఆదివారం

రంగు ఆలోచిస్తున్నాను.

మార్చి 20, సోమవారం

గురువారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. పోయేటప్పుడు సావుకారు బస్సులో పోయి, వచ్చేటప్పుడు మా బస్సులో వస్తాడట. ఇంగ్లీషు కాగితాలు చూపడానికి నేను వెంట ఉండాలి. ఆ రోజే నా సంగతి తేల్చమని సావుకారు అన్నాడు. సరే, తేలుస్తాను. దిండు నీలం రంగు చెప్పాను.

కత్తెర ఇంకా దొరకలేదు.

మార్చి 22, బుధవారం

చెప్పడానికి ఇదే చివరి రోజు. సాబ్ బస్సు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. మొహం కనబడకపోతే చెప్పడం తేలికని కాళ్ళ దగ్గర నిలబడ్డాను.

"సాబ్, ఒక మాట."

"చెప్పు బేటీ."

"రేపు పర్మిటు రాకపోతే మీరు ఏం చేస్తరు?"

"సైదులుకు ఏదన్న పని చూడాలె. ముసలోడయిండు. నీకైతే ఫికర్ లేదు, సదువు ఉన్నది, యాడికి పోయినా కుర్చీ యేసి కూసోబెడతరు." కాసేపు సుత్తి చప్పుడు. "ఐలేశం లగ్గం నుంచి ఇంక రాలే. మంచి పెండ్లి అనుకుంట."

నేను కాళ్ళకు నమస్కారం పెట్టినట్టు నిలబడి, వెనక్కి వచ్చేశాను. కుర్చీ అని ఎందుకన్నాడు?

మార్చి 23, గురువారం

నవ్వాలో భయపడాలో ఇంకా తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఇన్‌స్పెక్టరు పెద్ద మనిషి. పెద్ద అంటే అన్ని వైపులా. షేర్వానీ మీద బిగించిన పటకా ఆఖరి రంధ్రంలో ఉంది. సావుకారు బస్సు ఊళ్ళోకి రాదనగానే ఆయన మొహం ముడుచుకుంది. ఈతవనం దాకా నడిచేసరికి ఎర్రబడింది. ఐలేశం ఖాళీ తొడుగు చూసి, "లడాయిలో చెయ్యి పోయిందా?" అని జాలిగా అడిగాడు. ఐలేశం ఆ చేత్తోనే సలాం చేశాడు. ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడ్డాడు.

అయినా మెత్తని సీటు, చల్లని గాలి. ఆయన కునుకు తీశాడు, లేచాడు, పుస్తకంలో ఏదో మంచి మాటే రాసుకున్నాడు. అయిపోయింది, మా పని అయిపోయింది అనుకున్నాను. అప్పుడు పొలిమేర రాయి వచ్చింది. బస్సు ఆగింది.

"క్యా హువా?"

"ఇంతే సాబ్. ఇగ నడవాలె," అన్నాడు ఐలేశం. చెమటలు కారుతున్నాయి.

"ఊరు అక్కడుంది గదా!"

"ఆడనే ఉన్నది సాబ్. నేను పోను."

"ఎందుకు పోవు?"

ఐలేశం నా వైపు చూశాడు. నేను చెప్పవచ్చు. చెబితే ఇన్‌స్పెక్టరు అతని చేత పట్టీ విప్పించి బస్సును లోపలికి తీసుకుపోతాడు, సావుకారుకు పర్మిటు వస్తుంది, నాకు నీలం దిండు వస్తుంది. నాకు చెప్పడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. ఆ సమయానికి దగ్గు వచ్చింది.

ఇన్‌స్పెక్టరు నడవనని దారి పక్క కూర్చుండిపోయాడు. కబురు అంది సావుకారు పరుగున వచ్చాడు. వెనక నలుగురు మనుషులు కుర్చీ మోసుకొస్తున్నారు. నా కుర్చీ. నీలం దిండుతో సహా. ఇన్‌స్పెక్టరును అందులో కూర్చోబెట్టి, పెళ్ళికొడుకును ఎత్తినట్టు ఎత్తారు. పది అడుగులు వేశారో లేదో టప్‌మని ఒక కాలు విరిగింది. తర్వాత ఇంకోటి. ఆయన దిండు మీదే కూర్చుని ఉన్నాడు, నేల మీద.

"ఐలేశం! బండి లోపటికి తేరా లంగోడా!" అని సావుకారు అరిచాడు.

"సావుకారూ, కోటు కావాల్నంటే తీస్కో," అని ఐలేశం ఉన్న ఒక్క చెయ్యి తొడుగు కూడా విప్పి ఇచ్చేశాడు.

సరిగ్గా అప్పుడే మా బస్సు ఊళ్ళోంచి వచ్చింది, పొగ, గొంగడి, దగ్గు, అన్నీ. అందరినీ చూసి సాబ్ రెండు చేతులూ ఎత్తి సలాం చేశాడు. బస్సు తిన్నగా గట్టు వైపు పోయి, బండకు తగిలి ఆగిపోయింది. సైదులు వెనక నుంచి, "నేను చెప్తనే ఉన్న!" అన్నాడు.

పంఖా తిప్పారు. లేవలేదు. జనం తోశారు. సాబ్ పుట్నాలు పంచాడు. లేవలేదు. ఇన్‌స్పెక్టరు పుస్తకం తెరిచి పెన్సిలు తడి చేసుకున్నాడు. సాబ్ ఆయన దగ్గరికి వచ్చి, "బిర్యానీ మాత్రం మంచిగుంటది సాబ్," అన్నాడు, చిన్నగా. సాబ్ గొంతు అలా వినడం ఇదే మొదటిసారి.

ఐలేశం ఒక నిమిషం తన చెప్పుల వైపు చూసుకున్నాడు. తర్వాత నడిచి వెళ్ళి బస్సు వెనక పీపా మూత తీసి, లోపల ఏదో తన్నాడు. గట్టిగా ఇంకోసారి తన్నాడు. "సైదులన్నా, తిప్పు!" బస్సు లేచింది. సాబ్ పక్కకు జరిగి చోటిచ్చాడు. "లగ్గం అయిందా?"

"అయింది సాబ్."

"పిల్ల మంచిదేనా?"

"కోటు మంచిదే గని... ఆఁ, మంచిదే సాబ్."

సావుకారు కొత్త బస్సు పొలిమేర దగ్గర అలాగే ఉంది. ఐలేశం ఒకరికి విశ్వాసంగా ఉండటానికి ఇంకొకరిని నడిరోడ్డు మీద వదిలేశాడని నాకు తెలుసు. సావుకారు దిండు చంకలో పెట్టుకుని నిలబడ్డ తీరు చూస్తే పాపం అనిపించింది. మనిషి మంచివాడే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన మొదటి మనిషి.

ఐలేశం మూసీ దాటించాడు. ఎక్కడా ఆగలేదు. చౌటుప్పల్ ఈతవనం వచ్చింది. నేను దిగడానికి కాగితాల సంచి చేతికి తీసుకున్నాను. బస్సు ఆగలేదు. బజారులోకి వచ్చి ఆఫీసు గడప ముందు, ఇన్‌స్పెక్టరు కాలు తీసి నేరుగా అరుగు మీద పెట్టేంత దగ్గరగా ఆగింది. నిద్రపోతున్న ఆయన లేచి, "ఇది ఊరేనా? ఊరి లోపలేనా?" అని రెండుసార్లు అడిగాడు. ఔనన్నాను. "ఈ బస్సు చేరింది," అని పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత బిర్యానీ తిన్నాడు.

పర్మిటు మాకే.

ఐలేశం పట్టీ విప్పాడు. సాబ్ ముందే. బజారులో అడుక్కునే మారెమ్మ చేతిలో నాణెం పెట్టాడు. "ఏ ఊరు పోయొచ్చినవు కొడుకా?" అని ఆమె అడిగింది.

"ఏ ఊరూ పోలేదవ్వా," అన్నాడు.

మార్చి 24, శుక్రవారం

సాబ్‌కు ఐలేశం సంగతి తెలుసా తెలియదా అని ఇవాళ అజీజా బేగంను నేరుగా అడిగాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఆయనకు అన్నీ తెలుసా, ఏమీ తెల్వదా అని నేను లగ్గమైనప్పటి సంది చూస్తనే ఉన్న బేటీ. ఇంక సమజైతలేదు." ఒక రాయి తీసి పారేసింది. "నాకైతే తెలుసు. మీ చర్చి మీటింగు ఎట్ల జరిగింది?"

దగ్గు వచ్చింది.

మార్చి 27, సోమవారం

సాబ్ నాకు కుర్చీ చేయించాడు. బస్సు ముందు సీటు మరలు తీసి ఆఫీసులో పెట్టాడు. పొద్దున బస్సు బయల్దేరేటప్పుడు మళ్ళీ తీసుకుపోయి బిగిస్తారు. సాయంత్రం బస్సు వస్తే నాకు ఇస్తారు. అంటే ఆఫీసు పని ఉన్నంతసేపూ బస్తా, పని అయిపోయాక కుర్చీ. "ఎట్లున్నది బేటీ?" అని అడిగాడు. బాగుందన్నాను. నిజంగానే స్ప్రింగు ఒకటి గుచ్చుకుంటుంది, అంతే.

ఇవాళ బస్సు హారన్‌కు ఒక పాత పట్టీ కట్టి ఉండటం చూశాను. మసిబట్టి గుడ్డ రంగు తెలియడం లేదు. బస్సు నడిచిన మొదటి రోజు సాబ్ కట్టాడట. "ఇన్నేండ్లు అయింది, విప్పలేదేంది సాబ్?" అన్నాను.

"అది ఎప్పుడు చేరిందని విప్పాలె బేటీ? రోజూ పోతనే ఉంటది గద."

విశ్వాసం గురించి ఈ నెల మొదట్లో రాసింది మళ్ళీ చదివాను. నా అభిప్రాయం మారలేదు. లెక్క సరి.

మార్చి 29, బుధవారం

బిక్షమ్మత్త నా దండ చూసింది. "ఇంక ఇప్పలేదా పిల్లా? వచ్చి ఎన్ని దినాలాయె!" అని, పెట్టె కింద నుంచి కత్తెర తీసి నా చేతిలో పెట్టింది.

కత్తెర మొద్దుగా ఉంది. సాన పట్టేవాడు వచ్చినప్పుడు చూడాలి.